ఆరింది గానీ మాగలేదు

చేత్తో చేసిన గడ్డం సబ్బు కొనేటప్పుడు ఏం చూడాలని ఇప్పటికీ కొందరు కుర్రవాళ్లు నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు. వాసన చూసి కొనవద్దంటాను. వాసన చివర్లో కలిపేది, దాన్నిబట్టి సబ్బు గుణం తెలియదు. తడి వేలితో సబ్బును రుద్ది, వేళ్ల మధ్య జారుడు ఎంతసేపు ఉంటుందో చూడమంటాను. మీ ఇంటి కుళాయి నీళ్లతోనే నురగ తీసి చూడమంటాను. మన కర్నూలు, కడప బోరు నీళ్లలో నురగ లేవడమే గగనం. లేచినా చెంప మీద నిలవదు. వేరే ఊళ్లో వేరే నీళ్లతో ఎవరో మెచ్చుకున్న సబ్బు మన ఇంట్లో సున్నపు తేటలా కారిపోవచ్చు. ఇవన్నీ చెప్పాక ఆఖరున ఇంకొకటి చెబుతాను. ఎన్ని రోజులు మాగిందో అడిగి కొనండి అని.

ఆ ఆఖరి మాట నాది కాదు. చాలా ఏళ్లు నాదేనని చెప్పుకున్నాను. ఎవరిదో, అది నేర్పిన మనిషికి నేనేం చేశానో ఇక్కడ రాస్తున్నాను. సబ్బులు చేసే పని మానేశాను. యాభై మూడేళ్లొచ్చాయి. చదివేవాళ్లలో ఇప్పుడిప్పుడే ఇంట్లో సబ్బులు చేయడం మొదలుపెట్టినవాళ్లు ఉంటారు. వాళ్లకు కొలతలకంటే ఇది ముందు తెలియాలి.

మొదట నేను మంగంపేటలో ముగ్గురాయి మిల్లులో పని చేశాను. రాయి పొడి నాణ్యత చూసే ల్యాబ్‌లో ఉద్యోగం. తూకాలు, ద్రావణాలు, రంగు మారే కాగితాలు. పదిహేనేళ్లు అదే పని. తెల్లటి దుమ్ము చర్మంలోకి దిగి, గడ్డం గీసుకున్నప్పుడల్లా మెడంతా ఎర్రగా పొంగేది. డబ్బా నురగలు, ట్యూబు క్రీములు అన్నీ వాడి చూశాను. చివరికి బ్రష్షూ గిన్నే పెట్టుకొని, సబ్బు నేనే చేసుకుంటే ఎలా ఉంటుందని ఒక ఆదివారం మొదలుపెట్టాను. ఆముదం, కొబ్బరినూనె, కొవ్వొత్తులవాళ్లు వాడే తెల్లటి స్టియరిక్ పొరలు, క్షారం. నాకు తెలిసిన లోకమే. మెడ మీద ఎరుపు తగ్గింది. ఏడాది తిరిగేసరికి మిల్లు ఉద్యోగం వదిలి ఓర్వకల్లు దగ్గర ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. నా సబ్బులు పెద్ద ఊళ్లలో బ్రష్షుతో గడ్డం గీసుకునే ముచ్చట ఉన్నవాళ్లకు పార్సిల్‌లో వెళ్లేవి.

సబ్బు చేసినవాడి చెంప ఒక్కటే చాలదు. రకరకాల గడ్డాల మీద పరీక్షించాలి. అందుకే నందికొట్కూరులో ఒక క్షౌరశాలకు వెళ్లాను. మా అక్కను ఆ పక్క ఊరికే ఇచ్చారు కాబట్టి ఆ షాపు ముందునుంచీ తెలుసు. షాపాయన నాకంటే పదేళ్లు పెద్ద. బక్కపలచగా, ఎప్పుడూ చేతులు కడుక్కుంటూ ఉండేవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను సారూ అనేవాడు. ల్యాబ్‌లో పని చేశానని తెలిసినప్పటినుంచి ఆ పిలుపు మార్చలేదు.

ఆయనకు ఆ చుట్టుపక్కల ఒక పేరుంది. చల్లని చెయ్యి అనేవారు. పెళ్లికొడుకును చేసేటప్పుడు మొదటి గడ్డం ఎవరి చెయ్యి పడితే వాళ్లతో చేయించరు. ఆకూ వక్కా పంపి, మర్యాదగా పిలిచి, చల్లని చెయ్యి ఉన్నాయనతోనే చేయిస్తారు. పదిహేను ఇరవై ఊళ్లనుంచి ఆయనకు అలా ఆకూ వక్కా వచ్చేవి. షాపులో రోజూ చేసే పని తిండికి. పెళ్లి పిలుపు ఆయనకు ఆయన తండ్రి ఇచ్చిన ఆస్తి. ఆ పిలుపులకు మాత్రం తండ్రి వాడిన నాటు కత్తి తీసేవాడు. తోలు పట్టీ మీద సాన పెట్టి, తెల్లగుడ్డలో చుట్టి, పొదిలో పెట్టుకొని వెళ్లేవాడు. పొది అంటే వాళ్ల సామాను పెట్టె.

మొదటిసారి నా సబ్బు ఆయన ముందు పెట్టినప్పుడు వాసన చూడలేదు. చిన్న కత్తితో బిళ్లను అడ్డంగా కోసి, నడిమధ్యన ఒక పలుకు తీసి నాలుక కొసకు తాకించాడు. కళ్లు మూసుకొని ఏదో వింటున్నట్లు కూర్చున్నాడు.

"ఏం చేస్తాండావన్నా?" అన్నాను.

"గమ్మునుండు సారూ. మాట్లాడతాండాది."

"ఎవురు?"

"నీ సబ్బు." కళ్లు తెరిచి కొళాయి దగ్గర ఉమ్మేసి వచ్చాడు. "కరుస్తాండాది. ఎన్నాళ్లదిది?"

"వారం. బాగా గట్టిపడింది చూడు."

గోరుతో గీసి చూశాడు. "ఆరింది. ఆరింది గానీ మాగలేదు. మామిడికాయ ఎండలో పెడితే ఏమైతాది? ఒరుగైతాది. అదే గడ్డిలో పెడితే? పండైతాది. నువ్వు దీన్ని ఒరుగు జేసినావు."

నాకు నవ్వొచ్చింది. సబ్బులో క్షారం నూనెతో కలిసి పూర్తిగా మారడానికి కొంత కాలం పడుతుందని నాకు తెలుసు. తెలిసినదాన్ని నేను గంటల్లో లెక్కవేసేవాణ్ణి. ఆయన మాగడం అనేవాడు. గోనెపట్టా కప్పి, నీడలో, కనీసం నెల. ఆ నెలలో నాలుగుసార్లు బిళ్ల కోసి నాలుక పెట్టాలి. నేను రంగు కాగితం తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పైపైనే సూస్తాది సారూ. మొగుడు మంచోడా కాదా అని పెండ్లి కార్డు సూసి చెప్పినట్ల," అన్నాడు. గడ్డం చేయించుకుంటున్నాయన నురగలోంచే నవ్వాడు.

అలా నాలుగేళ్లు గడిచాయి. ప్రతి కొత్త సబ్బు వంటకూ ఆయన నాలుకే తీర్పు. నురగ తీయడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బ్రష్షును నానబెట్టి, నీళ్లు పూర్తిగా పిండి, దాదాపు పొడిగా సబ్బు మీద అరనిమిషం తిప్పాలి. ముందు ముద్దలా రావాలి. తర్వాత నీళ్లు చుక్క చుక్కగా. ఉప్పునీళ్ల ఊళ్లో ఒకేసారి నీళ్లు పోస్తే సబ్బంతా నీళ్లకే సరిపోతుంది, చెంపకు ఏమీ మిగలదు. మంచి నురగకు ఆయన కొలత ఒకటే. చెంపకు రాసి, ఏదో ఒక ఊరి సంగతి మొదలుపెట్టేవాడు. కత ముగిసేదాకా నురగ ఆరకూడదు. "నీ దవనం సబ్బు సగం కతకే ఆరిపాయ. కోడలు ఇంగా అత్తగారింటికి చేరనేలేదు," అని ఒకసారి పంపేశాడు. ఆముదం పాళ్లు పెంచి తీసుకెళ్తే కోడలు ఇల్లు చేరింది.

అదే సమయంలో మా అక్క కొడుకు పెళ్లి కుదిరింది. ఎండాకాలం ముహూర్తం. పెళ్లికొడుకును చేయడానికి మా బావ ఈయనకే ఆకూ వక్కా పంపాడు. మేనమామగా ఆ గడ్డానికి సబ్బు నేనే చేస్తానని అందరి ముందు చెప్పాను. చందనం సబ్బు. మంచి గంధపు నూనె రావడం ఆలస్యమైంది. అది చేతికొచ్చేసరికి పెళ్లికి పన్నెండు రోజులే ఉన్నాయి.

అక్కడ నేను చేసిన తప్పు ఈ ఎండల్లో పుట్టినవాడే చేయగలడు. మన మిద్దె మీద మిరపకాయలు మూడు రోజుల్లో గలగలమంటాయి. వడియాలు ఒక పూటకే పెళపెళలాడతాయి. ఏదైనా ఇక్కడ రెండింతల వేగంగా అయిపోతుందని మా ఒంట్లో ఒక నమ్మకం ఉంటుంది. వేరేచోట నెల పట్టేది మన ఎండకు పది రోజులు చాలదా అనుకున్నాను. ల్యాబ్‌లో పదిహేనేళ్లు పనిచేసినవాణ్ణి, వడియాల లెక్క వేశాను. ఇంకో తప్పు కూడా ఉంది. స్టియరిక్ ఎక్కువ ఉన్న సబ్బు కలిపేటప్పుడే చటుక్కున బిగుసుకుపోతుంది. ఆ రోజు కూడా బిగిసింది. గరిటె అడుగుదాకా తిరగలేదు. తిరగలేదని నా చేతికి తెలిసింది. ఇంకోసారి చేయడానికి గంధం నూనె మిగల్లేదు. అచ్చులో నొక్కేసి, షెడ్డు రేకుల మీద ఎండబెట్టాను. నాలుగో రోజుకే రాయిలా అయింది. పైన కాగితం పెట్టి చూస్తే రంగు సరిగ్గానే వచ్చింది. బిళ్ల కోయలేదు. కోస్తే అందం పోతుందనుకున్నాను. ఒకే ఒక పెద్ద బిళ్ల. దాన్ని పట్టుగుడ్డలో చుట్టాను.

పెళ్లినాటి ఉదయం అక్కావాళ్ల ఇంటి ముందు పందిట్లో పీట వేశారు. చుట్టూ ముప్పై మంది బంధువులు. మేనల్లుడు పంచె కట్టుకొని కూర్చున్నాడు. షాపాయన తెల్లచొక్కా వేసుకొని, పొది విప్పి, నాటు కత్తి తీశాడు. వేడినీళ్లు అడిగాడు. లోపలికి వెళ్లి చెంబుతో నేనే తెచ్చిచ్చాను. నా కళ్ల ముందే కత్తిని ఆ నీళ్లలో ముంచి, కాసేపు ఉంచి, తెల్లగుడ్డతో తుడిచాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పట్టుగుడ్డ విప్పి సబ్బు ఆయన చేతిలో పెట్టాను. తిప్పి చూశాడు. చిన్న కత్తి తీయబోయి ఆగాడు. గొంతు తగ్గించి నన్ను అడిగాడు.

"ఎన్నాళ్లది సారూ?"

పెళ్లికొడుకు ముఖానికి పెట్టే వస్తువు. దాన్ని ముందు నాలుకకు తాకిస్తే ఎంగిలి అవుతుంది. ముప్పై మంది చూస్తుండగా ఆయన ఆ పని చేయలేడు. నాకు ఆ క్షణం వరకూ తట్టలేదు.

"నెల దాటిందన్నా," అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూశాడు. "శుభకార్యం. నాలుక పెట్టేదానికి లేదు. ఈ పొద్దు నీ మాటే నా నాలుక సారూ."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. పదకొండు రోజులేనన్నా, షాపులో ఉన్న పాత వట్టివేరు బిళ్ల వాడదాం అని ఒక్క మాట చాలేది. మనిషిని పంపితే అరగంటలో తెచ్చేవాడు. బావ, అక్క, పెళ్లివాళ్లు అందరూ చందనం చందనం అని వాసన చూస్తున్నారు. నేను తల ఊపాను.

ఆయన తన పద్ధతి ప్రకారం నడిమధ్యనుంచి సబ్బు గీకి గిన్నెలో వేసుకున్నాడు. ఒక్కసారి వేలు ఆగింది. "లోపల తడి ఉండాదే," అన్నాడు. "గంధపు నూనెలే," అన్నాను. రెండో అబద్ధం కూడా నోట్లో సిద్ధంగా ఉంది.

నురగ చక్కగా లేచింది. ఎడమ చెంపకు, దవడ కిందకు రాశాడు. మేనల్లుడు ముఖం చిట్లించాడు.

"మామా, మండుతాండాది."

"ఇంగేముంది, మొదలైంది సంసారం!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. "ఇప్పుడే మంటంటే రేపు పెండ్లాం వస్తే ఏం జేస్తావురా?" అని ఇంకొకరు. నేనూ నవ్వాను. షాపాయన నవ్వలేదు. తన వేళ్ల సందులు చూసుకుంటున్నాడు. కత్తి ఒక్కసారే దవడ మీద ఆడింది. అక్కడే ఆపేశాడు.

"మజ్జిగ తెండి. బిన్నా తెండమ్మా," అని తొందరపెట్టాడు. క్షారం కాటుకు పులిసిన మజ్జిగ విరుగుడని ఆయనకు తెలుసు.

"మజ్జిగెందుకప్పా? ముహూర్తం టైమైతాంది, కానీ," అన్నాడు బావ.

"వద్దు సామీ. కడగల్ల."

మజ్జిగ వచ్చి, కడిగేలోపల ఎడమ దవడ కందిపోయింది. కడిగాక కత్తి ఆడినచోట చర్మం పొరలా లేచి, నీరు కారుతోంది. అక్క అమ్మా అని అరిచింది. పందిట్లో నవ్వులు ఆగిపోయాయి. మా బావ పెద్దరైతు. కోపం ఆపుకునే అలవాటు ఆయనకు ఎప్పుడూ అవసరం రాలేదు.

"ఎంతమంది మొగాలకు పెట్టిన కత్తిరా అది?"

షాపాయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పక్కన నిలబడినవాడు ఇప్పుడు మాట్లాడతాడని ఎదురుచూడడం, అంతే. నేను మాట్లాడాను.

"కత్తిని వేడినీళ్లలో ముంచినావా అన్నా?" అన్నాను.

నీళ్లు తెచ్చిచ్చినవాణ్ణి నేను. ముంచుతుంటే చూసినవాణ్ణి నేను. ఆ ఒక్క ప్రశ్నతో పందిట్లో ముప్పై మందికీ తీర్పు దొరికింది. ల్యాబ్ మనిషే కత్తి మీద అనుమానపడ్డాక ఇంకెవరికేం సందేహం? బావ పొదిని కాలితో తన్నాడు. అద్దం పగిలింది. దువ్వెనలు, తోలు పట్టీ మట్టిలో పడ్డాయి. ఆయన కూర్చొని ఒక్కొక్కటే ఏరుకున్నాడు. కత్తిని తెల్లగుడ్డలో చుట్టుకున్నాడు. నేను పందిరికి కట్టిన మామిడాకులు చూస్తూ నిలబడ్డాను. తర్వాత సందు చూసి సబ్బు బిళ్లను పట్టుగుడ్డతో సహా జేబులో పెట్టుకున్నాను. సాక్ష్యం నా జేబులో ఉండగా నేను పెళ్లి భోజనం చేశాను.

సాయంత్రం షెడ్డుకు వెళ్లి బిళ్ల కోశాను. నడిమధ్యన తెల్లటి చారలు, జిగట. కాగితం పెడితే ముదురు ఊదా రంగుకు పోయింది. నాలుక కొస తాకించాను. రెండు రోజులు అన్నం రుచి తెలియలేదు.

పెళ్లి ఆగలేదు. ఎడమవైపు పౌడరు ఎక్కువ వేసి ఫొటోలు తీశారు. మేనల్లుడికి పుండు మానింది గానీ, దవడ కింద బొటనవేలంత మేర వెంట్రుక మొలవలేదు. ఆ మాట మాత్రం ఊళ్లు తిరిగింది. ఆయన చెయ్యి వేడెక్కిందన్నారు. మా వైపు చెయ్యి వేడెక్కడం అంటే ఇంక ఆ చెయ్యి శుభానికి పనికిరాదని. మరుసటి ఏడాది పెళ్లిళ్ల కాలంలో ఆయనకు ఒక్క ఊరినుంచీ ఆకూ వక్కా రాలేదు. ఆ మరుసటి ఏడాదీ రాలేదు. ఈ సంగతి నాకు అక్క మాటల మధ్యలో తెలిసింది. పెళ్లిళ్లకు కర్నూలునుంచి బ్యూటీపార్లర్ వాళ్లను పిలిపిస్తున్నారట. మంచిదే కదా అన్నాను.

నేను ఆ షాపు వైపు వెళ్లడం మానేశాను. నందికొట్కూరు బస్సు దిగితే ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. షెడ్డులో మాత్రం పద్ధతి మార్చాను. ప్రతి వంటా గోనెపట్టా కింద, నీడలో, నలభై రోజులు. బిళ్ల కోసి నాలుక పరీక్ష. అట్టపెట్టె మీద "నీడలో మాగిన సబ్బు" అని అచ్చు వేయించాను. ఆ మాట కొనేవాళ్లకు బాగా నచ్చింది. ఎక్కడినుంచి తెచ్చుకున్నారని అడిగితే, మా ప్రాంతపు పాత పద్ధతి అనేవాణ్ణి. ప్రాంతానికి పేరు పెడితే మనిషి పేరు చెప్పనవసరం లేదు. ఆ తెలివి నాకు బాగా పనికొచ్చింది.

షెడ్డు మూసేశాక, ఇంట్లో సబ్బులు చేసుకోవాలనుకునేవాళ్లకు కర్నూలులో అప్పుడప్పుడు రెండు రోజుల శిక్షణ ఇస్తూ వచ్చాను. ఈ మధ్యే అలాంటి ఒక తరగతిలో బిళ్లను కోసి నాలుకకు తాకించి చూపిస్తున్నాను. ముందు వరసలో కూర్చున్న ఒకామె రాసుకుంటూ తలెత్తింది.

"సార్, ఈ నాలుక పరీక్ష మీకు ఎవరు నేర్పినారు?"

"పుస్తకంలో చదివాను," అన్నాను.

"ఏ పుస్తకం సార్? రాసుకుంటా."

పెన్ను పట్టుకొని ఎదురుచూసింది. కాసేపటికి ఆమె పెన్ను దించేసింది. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. నా నోట్లో ఆ సబ్బు చేదు మళ్లీ తగిలింది. మర్నాడు పొద్దున నందికొట్కూరు బస్సెక్కాను.

షాపు అలాగే ఉంది. కుర్చీలు రెండు కొత్తవి. ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి, నిన్ననే వెళ్లినవాణ్ణి పలకరించినట్లు, "రా సారూ, కూసో," అన్నాడు. షాపులో ఎవరూ లేరు. నేను కూర్చోలేదు. చెప్పాల్సింది చెప్పాను. పదకొండు రోజుల సబ్బని, ఎండలో పెట్టానని, అడుగుదాకా కలపలేదని. ల్యాబ్ రిపోర్టు చదివినట్లు చెప్పాను. వేరేలా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆయన విని చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు.

"నాకు తెల్దా సారూ? నా వేళ్ల సందులు గూడ బొబ్బలెక్కినాయి. కత్తిది తప్పైతే నా వేళ్లు ఎందుకు కాల్తాయి?"

"మరి ఆ పొద్దే చెప్పుంటివి గదన్నా."

"ఎవురికి చెప్పల్ల? ఇల్లు మీది, పెండ్లి మీది, సబ్బు మీది. నా మాట యాడ నిలబడ్తాది?" తువ్వాలు మడిచి కుర్చీ మీద వేశాడు. "మీ బావ పొది తన్నింది నేను మర్సిపోయినా. కోపంలో మనిషి తంతాడు. నీళ్లు నువ్వే తెచ్చిస్తివి. కత్తి ముంచినావా అని మళ్ల నువ్వే అడిగితివి. అది మాత్రం శానా రోజులు మింగుడు పడలే."

తప్పైపోయిందన్నా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే మళ్ల నాకే చెప్తాండావు. తెలియనోళ్లకు చెప్పు పో."

అక్కడినుంచి నేరుగా అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. బావ వసారాలో కుర్చీలో ఉన్నాడు. మేనల్లుడు కర్నూలునుంచి వచ్చి ఉన్నాడు. ముగ్గురి ముందూ చెప్పాను.

"ఇప్పుడు ఎవురడిగినారప్పా నిన్ను?" అన్నాడు బావ. "ఆయప్ప ఏమన్నా గొడవ జేసినాడా?"

"లేదు."

"మరింగేం? ఎన్నేండ్ల మాట. ఇప్పుడు బయట పడితే మన ఇంట్లోనే దొంగ ఉండె అంటారు. గమ్మునుండు."

అక్క గుమ్మంలో నిలబడి వింది. ఆమె నా వైపు చూడలేదు. "ఆ పొద్దు ఆయన అన్నం తినకుండా పాయ," అంది. "పెండ్లింట్లోనుంచి ఒక మనిషి ఆకలితో పాయ. నేను విస్తరేసి పెట్టింటి." అంతే అని లోపలికి వెళ్లిపోయింది. మేనల్లుడు బొటనవేలు దవడ కింద వెంట్రుక లేని చోట ఆనించి, దాన్ని అటూ ఇటూ రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆ అలవాటు వాడికి పెళ్లినాటినుంచీ ఉందని అప్పుడు గమనించాను.

రెండు వారాల తర్వాత షాపాయన ఫోన్ చేశాడు. ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"మీ అల్లుడు వచ్చినాడు సారూ."

"ఎప్పుడు?"

"ఆదివారం. ఆకూ వక్కా తెచ్చి అద్దం కాడ పెట్టినాడు. గెడ్డం చెయ్యి తాతా అని కూసున్యాడు. ఏం మాట్లాడలే. నేనూ ఏం అడగలే. నాయన కత్తి తీసినా."

సబ్బు చేసేవాడి బుద్ధితోనే అడిగాను. "ఏ సబ్బుతో చేసినావన్నా?"

అవతల పెద్దగా నవ్వాడు. "బజారు క్రీముతో. నీ సబ్బు తీస్తే గుడ్డ కప్పుకొనే పరిగెత్తడా?" నవ్వు ఆగాక మామూలు గొంతుతో అన్నాడు. "ఎడం పక్క శానా మెల్లగ చేసినా. కదల్లేదు పిల్లోడు."

"ఇంగ మేలే గదన్నా. వాళ్లకు తెలిసిపోయింది."

అవతలినుంచి కొళాయి శబ్దం వచ్చింది.

"ఇంట్లో నలుగురికి తెల్సింది. పందిట్లో ముప్పై మంది ఉండిరి సారూ. ఆ ముప్పై మంది ఎన్ని ఊర్లకు మోసినారో నీకు తెల్సు." తర్వాత, సబ్బు పలుకు ఉమ్మేసి వచ్చి చెప్పే గొంతుతోనే అన్నాడు. "ఆరింది. ఆరింది గానీ ఇంగా మాగలేదు."

అందుకే ఇది రాశాను. బావకు కోపం వస్తుంది. రానివ్వండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు మీ నోట్‌బుక్కుల్లో నాలుక పరీక్ష పక్కన "పుస్తకం" అని రాసుకొని ఉంటే కొట్టేయండి. నందికొట్కూరులో ఒక క్షౌరశాలాయన నేర్పాడని రాసుకోండి. ఆయన పేరు ఇక్కడ వేయవద్దని ఆయనే అన్నాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పేరు అక్కర్లేదు, ఎవరో తెలుసు.

ఆ పందిట్లో ఉన్నవాళ్లకు, వాళ్ల నోట విన్నవాళ్లకు చెబుతున్నాను. ఆ ఉదయం కత్తి వేడినీళ్లలో మునిగింది. నీళ్లు తెచ్చింది నేను. పెళ్లికొడుకు దవడ కాల్చింది పదకొండు రోజుల నా సబ్బు. ఆ చెయ్యి ఆ రోజూ చల్లనిదే.